తెప్పయు పడవయు

1896వ సంవత్సరమున కాశీలో, విజయనగర ప్రభువులైన ఆనంద గజపతి మహారాజుగారి పోషణమున వెలువడుచుండిన విజయనగర సంస్కృత గ్రంథమాలయందు, మహామహోపాధ్యాయ గంగాధరశాస్త్రి తైలంగులవారు పరిష్కరించిన న్యాయసూత్రములు వాత్స్యాయన భాష్యముతో గూడ అచ్చుపడినవి. మాక్సుముల్లరు పండితుడు సాయణభాష్య సహితమైన ఋగ్వేదమును రెండవమాఱు ముద్రించుటకు ద్రవ్యసహాయము చేసినదియు ఆ మహారాజుగారే. అచ్చుయంత్రము గంగయొడ్డున నున్నను గ్రంథమాలకు పెట్టిన పేరు మన ఊరిది. అందుచేత ఆ పుస్తకము చేతికి వచ్చినప్పుడెల్ల అది పొరుగూరినుండి తిరిగివచ్చిన మన యింటి వస్తువేయని నాకు తోచుచుండును.

అందు రెండవ అధ్యాయము మొదటి ఆహ్నికమున నొక చిన్న ప్రకరణము కలదు. పూర్వపక్షి అడుగుచున్నాడు: చెట్టును చూచితినని చెప్పు మనుష్యుడు నిజముగా చూచినది తన కెదురుగా నున్న కొన్ని కొమ్మలను, కొంత మ్రానును మాత్రమే కదా, వెనుకభాగమును చూడలేదు, లోపలిభాగమును అసలే చూడలేదు, కొంత చూచి తక్కినది ఊహించుకొని చెట్టనుచున్నాడు గనుక, ప్రత్యక్షమని మనము పేరు పెట్టుకొన్నది అనుమానమే యనరాదా? దీనికి నైయాయికుడిచ్చు సమాధానము మిక్కిలి సాహసోపేతమైనది. అవయవములు కలిసినప్పుడు వానికంటె వేఱుగా అవయవి యను క్రొత్త ద్రవ్యమొకటి పుట్టుచున్నదనియు, అది తన అవయవములన్నింటియందును సమవాయ సంబంధమున నెలకొని యుండుననియు, కావున ఎదుటిభాగమును చూచినప్పుడే మనము చెట్టును చూచినట్లే యనియు అతడు వాదించును. అట్టి అవయవి కలదనుటకు సూత్రకారుడు చూపిన హేతువులలో ధారణాకర్షణములు ఒకటి: ఒక కొనను పట్టుకొన్నచో మొత్తము నిలుచును, ఒక కొనను లాగినచో మొత్తము వచ్చును. ఇసుకకుప్పను లాగి చూడుడు, పిడికెడే వచ్చును.

ఇంతవరకు వినుటకు బాగుగనే యున్నది. కాని భాష్యకారుడు తన పక్షమువాడని సూత్రకారుని హేతువును సైతము ఊరక విడుచువాడు కాడు. గడ్డిని, రాతిని, కఱ్ఱను లక్కతో అతికించి ముద్దగా చేసినచో ఆ ముద్దయు ఒక కొన లాగినంతనే మొత్తముగ వచ్చును. అయినను అక్కడ క్రొత్త ద్రవ్యమేదియు పుట్టినట్లు ఎవరును తలపరు. అట్లైనచో లాగిన వచ్చుటయనునది అవయవి యున్నదనుటకు గుర్తు కాక అతుకు గట్టిగా నున్నదనుటకు మాత్రమే గుర్తగుచున్నది. విద్యార్థులు ఈ లక్కముద్దయొద్ద ఎక్కువసేపు నిలువరు. తరువాత వచ్చు వార్తికకారుని ఖండనమండనములకు త్వరపడి పోవుదురు. నన్ను అక్కడ నిలిపివేసినది మా పెరటిలో తయారగుచున్న ప్లైవుడ్ పడవ.

ఈ పడవ మా మేనల్లునిది. కోనాడయొద్ద చంపావతి సముద్రమున కలియుచోట నదిముఖమున నీరు మందముగ నుండు కాలమందు తిరుగుటకు తనకొక చిన్న పడవ కావలెనని వాని కోరిక. కొనుటకు ఫైబరు పడవలున్నవి. అవి వేటకు పోవువారి పనిముట్లు, మోటారు మోయుటకును కెరటమును కొట్టుటకును చేయబడినవి, ధరయు అందుకు తగినట్లే యుండును. వీనికి కావలసినది ఇద్దఱు మోసుకొని పోగలిగినది. మన దేశమున ప్లైవుడ్ పడవలు క్రొత్త కావు. 1980 దశకమున కేరళ, కన్యాకుమారి తీరములందు పెద్దమ్రాకులు దుర్లభములై ధరలు పెరిగినపుడు, వేటగాండ్రు దోనెలకు బదులు ప్లైవుడ్ పడవలను విరివిగా చేయించుకొనిరి. శ్రీకాకుళము, విజయనగరము తీరములలో ఆ మార్పు ఫైబరువైపే ఎక్కువగ మొగ్గినది.

ప్లైవుడ్ అనునదే తార్కికునకు మంచి చిక్కు. మ్రానును చెక్కు తీసినట్లు తిప్పి పలుచని పొరలుగా ఒలిచి, ఒక పొర యీనె నిలువుగాను దానిపై పొర యీనె అడ్డముగాను ఉండునట్లు బేసిసంఖ్యలో పేర్చి, ఫినాలు ఫార్మాల్డిహైడు జిగురుతో వేడిమీద ఒత్తిన పలకయది. పడవలకు వాడు రకమునకు ఐ.ఎస్. 710 అను ప్రమాణము కలదు. ముక్కను 72 గంటలు మరుగునీటిలో ఉడికించినను పొరలు విడిపోరాదు. అనగా, పని మొదలుపెట్టకముందే వాత్స్యాయనుని లక్కముద్ద మన చేతికి వచ్చినది. దానిని మరికొంత లక్కతో అతికించుటయే మిగిలిన పని.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల మందముగల పలకలు మూడు తెచ్చి, అడుగుభాగములు రెండు, ప్రక్కలు రెండు, వెనుక అడ్డుపలక యొకటి గీతలు గీచి కోసినారు. నేలమీద పఱచియున్నప్పుడు ఆ ముక్కలను చూచి ఇది పడవయని చెప్పగలవాడు లేడు. అంచులవెంబడి సన్నని చిల్లులు పొడిచి, ఒక ముక్క చిల్లునుండి ఇంకొకదాని చిల్లులోనికి రాగితీగ దూర్చి, పటకారుతో మెలిపెట్టి బిగించుచు పోవుదురు. మొదట అన్నియు వదులుగా, చెప్పినమాట విననట్లు అటునిటు తూలుచుండును. ముందుకొనవైపు తీగలు బిగియుచు వచ్చుకొలది ప్రక్కలు లోనికి వంగి, అడుగు ముక్కలు పుస్తకమువలె తెఱచుకొనక ఒకదాని నొకటి నెట్టుకొని, చూచుచుండగనే ఎవ్వరును గీయని వంపొకటి దానియంతట అది లేచినది. గీచినవన్నియు చదునైన గీతలే. వంపు గీతలో లేదు, కత్తిరింపులో లేదు, తీగలో లేదు. ఆ సాయంకాలము మా మేనల్లుడు చేతులు తుడుచుకొనుచు, ‘మామయ్యా, ఇప్పుడు ఇది పడవ అయినట్టా, కానట్టా?’ అని అడిగెను. వాడు వేళాకోళమునకే అడిగెను కాని, వైశేషికులు నూఱేండ్లకొలది తలలు పగులగొట్టుకొన్నది ఈ ప్రశ్నకే.

కుట్టి పడవను చేయుట మన తీరమునకు పరాయివిద్య కాదు. కళింగపట్నము, బారువ, భీమునిపట్నము రేవులలో ఓడలు ఒడ్డునకు రాలేక దూరముగ లంగరు వేసినప్పుడు, సరకును కెరటములగుండ దరికి చేర్చినవి మేకు అనునది ఎఱుగని మసూలా పడవలు. పలకను పలకకు కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, కుట్టు సందున గడ్డియో పీచో కూరి చేయుదురు. లోపల ఎముకలవంటి అడ్డకఱ్ఱలు ఉండవు. మేకులు కొట్టి బిగించిన పడవ నేలను తాకిన మాత్రముననే పగులు చోట, ఈ కుట్టుపడవ ఒళ్లు సాగదీసుకొని తప్పించుకొనును. ఇంగ్లండున 1962లో డైలీ మిర్రర్ పత్రికవారి పక్షమున జాక్ హోల్టు, బ్యారీ బక్నెల్ అను నిద్దఱు రూపొందించిన మిర్రర్ అను చిన్న తెరచాప పడవ, రాగితీగలతో ప్లైవుడ్‌ను కుట్టి ఇంటివద్దనే ఎవరికివారు చేసికొనునట్టిది, డెబ్బదివేలకు పైగా తయారైనది. అది ఈ విద్యను సామాన్య గృహస్థుల వసారాలలోనికి తెచ్చినది. మన కుట్టునకును వారి కుట్టునకును భేదమొక్కటే. మసూలా పడవకు త్రాడే ప్రాణము, త్రాడు తెగిన పలకలు తేలిపోవును. ప్లైవుడ్ పడవలో కీలుకీలునను ఎపాక్సీ ముద్ద పఱచి, దానిపై గాజుబట్ట పట్టీ అతికి, అది గట్టిపడిన పిమ్మట తీగలను కత్తిరించి పాఱవేయుదురు.

ఇక్కడ న్యాయశాస్త్రమున నొక విడ్డూరమైన సిద్ధాంతము జ్ఞప్తికి వచ్చును. వస్త్రమునకు దారములు సమవాయికారణము, దారముల కూడిక అసమవాయికారణము. ఒక్క దారము లాగివేసిన మాత్రమున ఆ కూడిక నశించి, పాత వస్త్రము నశించి, ఖండపటమను క్రొత్త వస్త్రము పుట్టునని వారందురు. చూచువానికి అదే బట్ట. తార్కికునకు మాత్రము చావు, పుట్టుక రెండును ఆ క్షణముననే జరిగిపోయినవి. ఈ లెక్కన తీగలు విప్పిననాడు మా పెరటిలో ఎన్ని పడవలు పుట్టి గిట్టినవో! రాగితీగ పడవకు అవయవము కాదు, సాలెవాని నాడెవలె నిమిత్తకారణము మాత్రమేయని ఒక పండితుడు నాతో వాదించెను. కాని జిగురు ఆరకముందు ఆ పలకలను పట్టి యుంచినది తీగలు చేసిన కూడికయే గనుక, ఆ రెండు దినములు అది నాడె కాదు, దారమే.

ఈ చిక్కును విప్పుటకు ముందు త్రాసు నడుగుదము. ఒక ఆరు మిల్లీమీటర్ల పలక సుమారు పండ్రెండు కిలోలు తూగును. దాని ఘనపరిమాణము పదునెనిమిది లీటర్లకు మించదు. అనగా నీటిపై పఱచినచో అది తన బరువుగాక ఇంకొక ఆరు కిలోలు మోయగలదు. మూడు పలకలును ఒకదానిపై నొకటి కట్టినచో పదునెనిమిది కిలోలు. చిన్నబిడ్డను కూర్చుండబెట్టవచ్చును, అదియు తడియకుండ కాదు. ఆ మూడు పలకలనే పడవగా వంచినప్పుడు ఇద్దఱు పెద్దవాండ్రను, తెడ్లను, అన్నపు మూటను కలిపి నూటయేబది కిలోలు మోయుచున్నది. పడవ బరువు నలుబదియైదు కిలోలనుకొన్నచో, అది నీటిని తొలగించి ఆక్రమించిన చోటు 195 లీటర్లు. అందు కఱ్ఱ వాటా యెంత చూచినను యేబదినాలుగు. మిగిలినదంతయు శూన్యము. బరువు మోయుచున్నది ప్లైవుడ్ కాదు, ప్లైవుడ్ చుట్టుకొని కాపాడుచున్న ఖాళీచోటు.

సాంఖ్యుడు ఇందులకు వెఱవడు. నూనె నువ్వులనుండియే వచ్చునుగాని ఇసుకనుండి రాదు. కార్యము కారణమున ముందే యున్నది, వెలికి వచ్చినది మాత్రమే క్రొత్త, అనును. ఉండవచ్చును, కాని నూటయేబది కిలోలు మోయు శక్తి చదునైన మూడు పలకలలో ఎచ్చట దాగియున్నదో చూపుమన్నచో అతడు చూపగలిగినది పదునెనిమిది కిలోలే. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మట్టిముద్దను చూపి బోధించిన తీరున, వేదాంతి కఱ్ఱయే సత్యము, పడవయనునది పేరు మాత్రమేయని తేల్చివేయును. అతనికి ఘటాకాశమను దృష్టాంతమును సిద్ధముగ నున్నది: కుండలోని ఆకాశము వేఱైనట్లు కనబడుటయే గాని నిజమునకు వేఱు కాలేదు. మంచిదే. కుండ పగిలి ఘటాకాశము మహాకాశమున కలిసిపోవుట అద్వైతికి శుభవార్త. నడినీట పడవ పగులుట అద్వైతికైనను శుభవార్త కాదు. నీటికిని లోపలి చోటునకును నడుమనున్న ఆ ఆరు మిల్లీమీటర్ల భేదము వట్టి తోపింపు అనుటకు, అందులో కూర్చున్నవాడు సాహసింపడు.

చింతపల్లి తీరమున పెక్కేండ్లు తెప్పపై వేటాడి ఇప్పుడు కొడుకుల ఫైబరు పడవను కాచుచుండు జాలరి పెద్ద యొకడు, వాని మాట చెవిని బెట్టుట మంచిదని మా మేనల్లుడు పిలుచుకొని రాగా, వచ్చి చూచెను. బోర్లించిన పడవచుట్టు ఒకమాఱు తిరిగి, గోటితో అంచు గీచి, వ్రేలితో అడుగును తట్టి, ‘ఏటి బాబూ, ఇది అట్టపెట్టేటి, పడవేటి?’ అని నవ్వెను. తెప్పకును దీనికిని తేడా యేమని నేనడిగితిని. అతడు చెప్పినది నేను మఱచువాడను కాను: ‘తెప్పకి లోపలేటుంటాది మేస్టారూ? అంతా పైనే గదా. కెరటం పైనుంచొస్తాది, సందుల్లోంచి పోతాది. దుంగ తేలినన్నాళ్లు తెప్ప తేల్తాది. దీనికైతే లోపలుంది. ఒక్క సిల్లు సాలు.’

తెప్పను చూచినవారికి ఆ మాట వివరింప నక్కఱలేదు. తేలికకఱ్ఱ దుంగలను చెక్కి, కొనలు కొంచెము పైకి లేచునట్లు అమర్చి, త్రాళ్లతో బిగించి, కెరటముపైకి నెట్టుదురు. వేట ముగిసి ఒడ్డు చేరగనే కొన్నిచోట్ల కట్లు విప్పి దుంగలను వేఱువేఱుగా మోసుకొనిపోయి ఇసుకపై ఎండబెట్టుదురు. నీరు పీల్చిన దుంగ మఱునాటికి బరువెక్కును గనుక. సాయంకాలము తెప్ప లేదు, దుంగలున్నవి. తెల్లవాఱుజామున మరల తెప్ప ఉన్నది. దుంగ యొకటి పాడైనచో దానిని తీసి ఇంకొకటి వేయుదురు. దానివలన తక్కిన దుంగలకు కలిగిన బాధ యేమియు లేదు. కెరటము తెప్పను తలక్రిందులు చేయవచ్చును, ముంచలేదు. మునుగుట యనునది లోపలు కలదానికే తటస్థించు ఆపద.

కళింగపట్నమునకు ఎగువను, వంశధార దక్షిణపు గట్టునగల శాలిహుండపు కొండను, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు లోకమునకు చూపిన ఆ స్తూపచైత్యముల శిథిలములను ఎక్కినవారికి నదియు, దూరమున సముద్రమును కనబడును. ఆ విహారములయందు వసించిన భిక్షువులు క్రింద నీటిపై తెప్పలను చూడకుండ నుండి యుండరు. వారి శాస్త్రమున నాగసేనుడు మిలిందరాజును రథమేదని అడిగి, నొగ రథము కాదు, ఇరుసు కాదు, చక్రము కాదు, ఇవియన్నియు గాక వేఱే రథమును లేదని ఒప్పించును. మధ్యమనికాయములో బుద్ధుడు ఏఱు దాటుటకు పుల్లలు, కొమ్మలు, గడ్డి కూర్చి కట్టుకొన్న తెప్పను, దాటిన పిమ్మట నెత్తిన పెట్టుకొని తిరుగు మూఢుని చెప్పి, ధర్మమును సైతము దాటుటకే గాని పట్టుకొనుటకు కాదనెను. ఆ కథలో ఆయన కట్టించినది తెప్పనే, పడవను కాదు. కట్లు విప్పగనే దుంగలై మిగులునది సంఘాతవాదమునకు ఎంతటి తగిన దృష్టాంతము! అక్కడ తెప్ప బోధకు గుర్తేగాని ఆత్మకు గుర్తు కాదని నేను ఎఱుగుదును. అయినను స్కంధముల రాశికంటె వేఱుగా లోపల ఒకడు లేడని చెప్పు మతమునకు, లోపలు లేని నావ సరిపడినట్లు ఇంకొకటి సరిపడదు.

కావున ఈ తగవున ఇరువురును నిజమే చెప్పుచున్నారని, కాని వేఱువేఱు వస్తువులను చూచి చెప్పుచున్నారని నా మతము. తెప్ప సంఘాతము, పడవ అవయవి. పురుగు కొట్టిన దుంగ తన్ను తాను చెఱుపుకొనును; పడవ అడుగున పెన్సిలు మొనంత చిల్లు వెనుక కూర్చున్నవానిని, ముందున్న అన్నపు మూటను, ఏ దోషమును లేని ప్రక్కపలకలను ఒకే గతికి తెచ్చును. ఒక అవయవమునకు వచ్చిన చేటు తక్కినవానిలో దేనికిని తగులకున్న అది రాశి; తగిలినచో అక్కడ రాశికంటె వేఱైనదేదో యున్నది. సూత్రకారుడు లాగి చూడుమనెను. లాగి చూచిన చాలదు, చిల్లు పొడిచి చూడవలెను. ఈ పరీక్షలో లక్కముద్ద తేలిపోవును: దానిని నడుమకు తొలిచినను మిగిలినది ముందువలెనే ముద్ద. అదే లక్కతో అదే కఱ్ఱ పడవయైనచో నిలువదు. అతుకు అవయవిని పుట్టించునదియు కాదు, అడ్డుకొనునదియు కాదు. ఆ అతుకు దేనిని చుట్టివచ్చినదనునదే ప్రశ్న.

పుట్టుకచేత ఏకమైనదే ఏకము, అతికినది కాదు, అనువారు బొబ్బిలి వీణను చూపుదురు. ఒకే పనసమ్రానునుండి కుండను, దండిని కలిపి తొలిచిన ఏకాండి వీణ. గొల్లపల్లిలోని చేతిపనివారి ప్రతిష్ఠకు అది మూలము. నిజమే. కాని కుండపై కప్పిన పలక వేఱు కఱ్ఱ, మెట్లు నిలిచినవి మైనముపై, తంత్రులు లోహము. మ్రాను ఏకమైనంతనే నాదము రాలేదు, తొలిచిన ఖాళీ వలన వచ్చినది. అక్కడను మ్రోగుచున్నది కఱ్ఱ చుట్టుకొన్న చోటే. ఏకాండిత్వము శిల్పి గర్వపడదగిన గుణమే కాని వీణాత్వము దానియం దున్నదని నేను ఒప్పుకొనను.

ఇక పని ముగింపు సంగతి. వంపు లేచిన సాయంకాలముననే పడవ అయిపోయినదని మేమందఱము తలచితిమి. అసలు శ్రమ అప్పుడే మొదలైనది. రంపపు పొట్టును ఎపాక్సీలో కలిపి, గరిటెజాఱుగా రుబ్బిన మినపపిండివలె చేసి, కీళ్లలో గుండ్రముగ పఱచవలెను. ఎపాక్సీ అనునది రెండు ద్రవముల కలయిక. లోతుగిన్నెలో కలిపి ఉంచినచో దానంతట అదే వేడెక్కి పొగలు గ్రక్కి రాయియగును. అదే వెడల్పు పళ్లెములో పలుచగ పోసినచో తీరికగా పని చేసికొనవచ్చును. మన తీరపు గాలిలోని తేమకు, ఆరిన పూతపై జిడ్డువంటి సన్నని పొర తేలును; దానిని నీళ్లతో కడిగి, ఉప్పుకాగితముతో రుద్దినగాని పై పూత అంటదు. వర్షాకాలపు దినములలో మా మేనల్లుడు పూయుటకంటె ఎక్కువసేపు కడుగుచుండెను.

కుండ కాలినప్పుడు రంగు మాఱుట యెట్లని మనవారు రెండు పక్షములుగా చీలిరి. పరమాణువులవఱకు కుండ విడిపోయి, పరమాణువులే పక్వమై, మరల కుండగా కూడునని వైశేషికుల పీలుపాకవాదము. కుండ కుండగా నుండియే పక్వమగునని నైయాయికుల పిఠరపాకవాదము. గిన్నెలో పొగలు గ్రక్కుచున్న ఎపాక్సీని చూచిన క్షణమున నాకు వైశేషికులపై గౌరవము పెరిగినది. అణువణువును విడివడి, చేతులు మార్చుకొని, క్రొత్తగా పెనవేసికొనుటయే అక్కడ జరుగుచున్నది. పడవపై పూసిన పలుచని పొరయందు మాత్రము ఆ సంగతి యేమియు కనబడదు. పడవ పడవగనే యుండి మెఱుగెక్కును. పిఠరపాకవాది కంటిని నమ్మినవాడు, పీలుపాకవాది గిన్నెలో వ్రేలు పెట్టినవాడు.

పూర్వము ఈ పనికి మనవారు గుగ్గిలమును నూనెతో కాచి వాడిరి; జీడిపిక్కల పెంకునుండి తీసిన నల్లని నూనెను పూసిరి. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కాల్చి ఒలుచు చేతులకు ఆ నూనె తగిలిన బొబ్బలెక్కుటను ఎఱుగనివారు ఉద్దానములో లేరు. ఆ నూనెనుండి తీసిన కార్డనాల్ అను పదార్థముతోనే నేడు ఓడల పూతలకు వాడు ఒక జాతి గట్టిపరచు ద్రవములను చేయుచున్నారు. తడిలోను అవి బాగుగ గట్టిపడునట. జాలరి పెద్దకు ఈ సంగతి చెప్పగా అతడేమియు ఆశ్చర్యపడలేదు. ‘మరేటనుకున్నారు?’ అని మాత్రమనెను.

ప్లైవుడ్ ముఖము నీటికి అంత సులభముగ లొంగదు, లొంగునది అంచు. పొరల కొనలు బయటపడిన ఆ అంచున నీరు ఎక్కినచో, పైకి రంగు నిగనిగలాడుచుండగనే లోపల పొర పొరకు విడిపోవును. అందుచేత చిల్లు పొడిచిన ప్రతిచోటను, అడ్డబల్ల బిగించిన ప్రతిచోటను, కంటికి కనబడని క్రిందివైపునను, మరల మరల పూతపెట్టి అంచులు మూయవలెను. ఎపాక్సీ ఎండకు చెడును గనుక దానిపై రంగు వేయవలెను. రంగు ఇసుకకు అరుగును గనుక ఏటేట మరల వేయవలెను. ముగిసినదని చెప్పి చేతులు దులుపుకొను దినము ఈ పనిలో లేదు. తెప్పవాడు దుంగలను ఎండబెట్టి నిద్రపోవచ్చును. లోపలిని కల్పించుకొన్నవానికి ఆ నిశ్చింత లేదు.

భాగవతము ఏకాదశస్కంధమున మానవదేహమును చక్కగ నిర్మించిన నావయనియు, గురువు దానికి కర్ణధారుడనియు, భగవదనుగ్రహము అనుకూలవాయువనియు చెప్పబడినది. ప్రవచనములలో ఈ ఉపమానమును చెప్పువారు కర్ణధారునిగూర్చి చాలసేపు చెప్పుదురు. అది వారికి సహజమే. నావ కాఱునను సంగతి ఎవ్వరును చెప్పరు. దేహమును పడవయనుటలో దానికొక లోపలు కలదనియు, ఆ లోపలు బయటి నీటినుండి ఎడతెగక కాపాడవలసినదనియు, మనస్సున పడిన పిసరంత చిల్లు దోషములేని అంగములనన్నింటిని ముంచుననియు ఒప్పుకొన్నట్లే. జపము, నియమము, ఉపవాసము అనునవి నాకు చాలకాలము వ్యాపారమువలె తోచినవి, ఇంత పెట్టిన ఇంత వచ్చునన్నట్లు. ఏటేట రంగు వేయుటవంటివని ఇప్పుడు తోచుచున్నది: వానివలన క్రొత్తగ వచ్చునదేమియు లేదు, ఉన్నది కాఱిపోకుండుటయే. ఇట్టి కాపుదలతో విసిగినవాడు బుద్ధుని తెప్పవైపు చూచుట నేను తప్పుపట్టను. అన్నింటిని విప్పి ఇసుకపై ఆరవేయగలిగినవాడు ధన్యుడే. కాని వానికి బరువులేదు. ఇద్దఱిని, అన్నపు మూటను తడియకుండ దాటించుట తెప్పకు చేతకాని పని.

మిగిలిన వివాదమొక్కటి కలదు. వానకు పడవలో చేరిన నీరు పోవుటకు వెనుక పలక అడుగున చిల్లొకటి పెట్టి బిరడా బిగింపవలెనా యని. ఇంత పాటుపడి చిల్లులన్నియు మూసి, మరల మనమే చిల్లు పొడుచుట యేమని పనిలో సాయపడిన వడ్రంగి. బిరడా లేనిచో బోర్లించుటకు ఇద్దఱు మనుష్యులు కావలయునని మా మేనల్లుడు. పెట్టుము గాని బిరడాను త్రాటితో పడవకు కట్టియుంచుమని జాలరి పెద్ద. చివరకు చిల్లు పొడిచి, అంచు పూతపెట్టి, ఇత్తడి బిరడా తెచ్చినారు. నా సందేహము వేఱు. బిరడా పడవకు అవయవము కాదు. అది ఎప్పుడైన తీయదగినది, పెట్టదగినది, పడవతో దానికి గలది సంయోగమే గాని సమవాయము కాదు. అయినను అది లేని క్షణమున నీటిపై పడవ లేదు. ఆ మాట ఒప్పుకొన్నచో సంయోగమునకును సమవాయమునకును నడుమ గీచిన గీత చెఱిగిపోవును గనుక నైయాయికుడు ఒప్పుకొనడు. ఒప్పుకొనకుండుటకు అతనికి మంచి కారణములే యున్నవి. వానిలో నేదియు నీటిమీద నిలిచినట్లు నాకింకను కనబడలేదు.